రెండూ 120 లీటర్లే... ఒకటి నిలబడనిస్తోంది, ఇంకోటి నీళ్లలోకి తోసేస్తోంది. ఎందుకు?

విభాగం: చెన్నై, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) అలలు, బోర్డులు

ఓఎమ్మార్ శ్రీను
అందరికీ నమస్కారం. ఉండేది షోలింగనల్లూరు. ఇన్నాళ్లూ నిలబడి పాడిల్‌తో (తెడ్డుతో) నడిపే, గాలి కొట్టే బోర్డు (10 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు) మీద ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో తిరిగేవాణ్ణి. ఇప్పుడు కోవళంలో అలల మీదికి వెళ్దామని అలాంటిదే హార్డ్ బోర్డు (గాలి కొట్టక్కర్లేని గట్టిది) వెతుకుతున్నా. సెకండ్ హ్యాండ్‌లో రెండు దొరికాయి. అమ్మేవాళ్లు మంచివాళ్లు, ఇద్దరూ నీళ్లలో వేసి చూసుకోమన్నారు.

మొదటిది 9 అడుగులు × 31 అంగుళాలు × 4 అంగుళాలు (పొడవు, వెడల్పు, మందం). ఘనపరిమాణం 120 లీటర్లు. ముక్కు గుండ్రం, తోక చదరంగా కోసినట్టుంటుంది.

రెండోది 8 అడుగుల 6 అంగుళాలు × 28.5 × 4.75. ఇదీ 120 లీటర్లే. ముక్కు కోసు, తోక కూడా సన్నం.

నా బరువు 82 కిలోలు. మొదటిదాని మీద అలలు విరిగే చోటు దాటి వెళ్లి, పడకుండా నిలబడి తర్వాతి అల కోసం చూడగలిగా. రెండోదాని మీద పాడిల్ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చేలోపే నీళ్లలో ఉన్నా. లీటర్లు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఏంటి? తెలిసిన షాపులో అడిగితే "మీ బరువుకి లీటర్లు సరిపోయాయి సార్, రెండు వారాల్లో అలవాటైపోతుంది" అంటున్నారు. రెండోది ధర తక్కువ, చూడ్డానికి కూడా బాగుంది. మనసు అటే లాగుతోంది.

వైజాగ్ చిన్నా
చూడ్డానికి బాగున్నవన్నీ పడేసేవే గురూ. నీకు ఇరవై ఎనిమిదిన్నర ఏటి? రోకలి మీద నిలబడ్డట్టే ఉంటాది. మా రుషికొండలో ఇలాంటివి ఎక్కినోళ్లని చూసి ఒడ్డున జనం ఐస్‌క్రీములు తింటా నవ్వుతారు.

లీటర్ లింగం
అనవసరంగా భయపెట్టకండి. దీనికి లెక్క ఉంది. కొత్తవాళ్లయితే బరువుని 1.5తో గుణించాలి. 82 × 1.5 = 123. రెండు బోర్డులూ దాదాపు అక్కడే ఉన్నాయి. వెడల్పు అనేది అలవాటు వ్యవహారం. తక్కువ ధరది తీసుకోండి, రేపు మీరు ఎదిగాక కూడా పనికొస్తుంది.

తిరువాన్మియూర్ పద్మ
లింగం గారూ, ఆ గుణకారం నేనూ కొత్తగా వచ్చేవాళ్లకి చెప్తాను. కానీ అది ఒక్క ప్రశ్నకే జవాబు: బోర్డు మిమ్మల్ని తేలుస్తుందా లేదా. తేలడం వేరు, నిలబడనివ్వడం వేరు.

శ్రీనూ, ముందు తేలే లెక్క చూడు. నువ్వు 82, బోర్డు ఓ తొమ్మిది, పాడిల్, లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు), తడిసిన బట్టలు ఓ రెండు. మొత్తం 93 కిలోలు. ఉప్పునీళ్లలో 120 లీటర్లు మోయగలిగేది 123 కిలోలు. ఇంకా 30 కిలోలు మిగులే. ఇది రెండు బోర్డులకీ ఒకటే. కాబట్టి నువ్వు పడ్డానికి కారణం లీటర్లు కావు. ఆ లీటర్లని ఎక్కడ పెట్టారన్నది. మొదటిదాంట్లో పక్కలకి పరిచారు, రెండోదాంట్లో ఎత్తుకి పేర్చారు.

ఇంకొకటి. "అలవాటైపోతుంది" అన్నమాట ముట్టుకాడు లాంటి కదలని నీళ్లలో చాలావరకు నిజం. కోవళంలో పొద్దెక్కి సముద్రపు గాలి లేచాక పక్కనుంచి చిన్న చిన్న అలలు కొడుతుంటే అక్కడ అలవాటు సగమే పనిచేస్తుంది.

ఒడ్డున మాస్టారు
శ్రీను గారూ, నేను ఓడల డిజైన్ పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. బోర్డు ఎక్కేది మా అబ్బాయి. నేను ఒడ్డున కూర్చుని టీ తాగుతూ లెక్కలేస్తుంటాను. ఓడలకి వాడే లెక్కే ఇక్కడా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఓపిక లేనివారు కింది పోస్టుకి వెళ్లిపోవచ్చు.

తేలే వస్తువు ఎంత నీటిని తొలగించాలో నిర్ణయించేది దాని బరువు. పద్మ గారు చెప్పిన 93 కిలోలకి సముద్రంలో తొలగేది సుమారు 91 లీటర్లు. బోర్డు 120 లీటర్లదైనా 300 లీటర్లదైనా నీట మునిగేది ఆ 91 లీటర్ల మేరకే. మిగతాదంతా నీటి పైన ఉంటుంది. బోర్డు మీద రాసి ఉన్న లీటర్లు మీ నిలకడ లెక్కలో నేరుగా ఎక్కడా రావు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు.

మరి ఏం వస్తుంది? నీటి మట్టం దగ్గర బోర్డుని అడ్డంగా కోస్తే వచ్చే ఆకారం. అది పక్కకి ఒరగడాన్ని ఎంత ఎదిరిస్తుందన్నది పొడవుతో మామూలుగా పెరుగుతుంది, వెడల్పుతో మాత్రం ఘనంగా పెరుగుతుంది. అంటే వెడల్పుని వెడల్పుతో, మళ్లీ వెడల్పుతో గుణించాలి. 31ని 28.5తో భాగించి ఘనం చేస్తే 1.29. పొడవులో తేడా కూడా కలిపితే 1.36. రెండున్నర అంగుళాలకి మూడో వంతుకి పైగా తేడా వచ్చేసింది. రెండోదాని ముక్కూ తోకా సన్నం అన్నారు కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మెటాసెంటర్ అని ఒక బిందువు ఉంటుంది. బోర్డు కొద్దిగా ఒరిగినప్పుడు నీరు పైకి తోసే బలం ఆ బిందువు గుండా వెళ్తున్నట్టు లెక్క. మీ గురుత్వ కేంద్రం దానికి దిగువన ఉంటే బోర్డు తనంతట తానే సర్దుకుంటుంది. ఎగువన ఉంటే ఒరిగిన వైపే ఇంకా పడేస్తుంది. రెండు బోర్డుల్నీ సుమారుగా దీర్ఘవృత్తాలు అనుకుని వేశాను. మునిగిన భాగం కేంద్రం నుంచి కొలిస్తే మొదటిదాని మెటాసెంటర్ 72 సెంటీమీటర్ల ఎత్తులో, రెండోదానిది 53 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చింది. నిటారుగా నిలబడిన మనిషిదీ బోర్డుదీ కలిపి గురుత్వ కేంద్రం అదే చోటు నుంచి 90 సెంటీమీటర్ల దాపున ఉంటుంది.

అంటే చూడండి, రెండు బోర్డులూ పడేసేవే! మీ బదులు అంతే బరువున్న షాపు బొమ్మని నిలబెడితే రెండింటి మీదనుంచీ పడిపోతుంది. మొదటిదాంట్లో లోటు 18 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 37. ఆ లోటుని క్షణక్షణం పూడుస్తున్నది మీ చీలమండలు, నడుము, నీళ్లలో ఉన్న పాడిల్. రెండోదాని మీద వాటికి రెట్టింపు చాకిరీ. పాడిల్ పక్క మార్చే ఆ అర క్షణంలో ఒక సాయం పోయింది, మీరు పడ్డారు.

ఓఎమ్మార్ శ్రీను
మాస్టారూ, దండం. బీటెక్‌లో ఈ మెటాసెంటర్‌ని బట్టీ పట్టి రాసేశాను, ఇలా నన్నే నీళ్లలో పడేస్తుందని అప్పుడెవరూ చెప్పలేదు 😄 మోకాళ్లు వంచమని అందరూ అరుస్తారు, అదీ ఇందుకేనా?

ఒడ్డున మాస్టారు
అందుకే. మోకాళ్లు బాగా వంచి గురుత్వ కేంద్రం ఓ 15 సెంటీమీటర్లు దించారనుకోండి, మొదటిదాని మీద లోటు దాదాపు తీరిపోతుంది. రెండోదాని మీద ఇంకా 22 మిగిలే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుంటే రెండింటిమీదా హాయి. కొత్తవాళ్లకి ముందు మోకాళ్ల మీద పాడిల్ చేయించేది దీనికే.

లీటర్ లింగం
లెక్క బాగుంది కానీ మాస్టారూ, మరి రేసు బోర్డుల సంగతేంటి? 14 అడుగుల బోర్డు, 24 అంగుళాల వెడల్పు. మహాబలిపురం వైపు శేఖర్ పచ్చై లాంటి వాళ్లు వాటి మీద పరిగెడతారు. వెడల్పే సర్వస్వం అయితే వాళ్లెలా నిలబడుతున్నారు?

ఒడ్డున మాస్టారు
మంచి ప్రశ్న వేశారు. వేసి చూశాను. 14 అడుగులు, 24 అంగుళాలు, అదే 93 కిలోలు. వచ్చింది 52 సెంటీమీటర్లు. దాదాపు శ్రీను గారి రెండో బోర్డు అంకే! రేసు బోర్డుల్లో 250 లీటర్లు దాటినవి మామూలే. లీటర్లు రెట్టింపు, నిలకడ మాత్రం అంతే. వాళ్లు నిలబడుతున్నది ఏళ్ల సాధనతో, వేగంతో. పైగా చాలా రేసు బోర్డుల్లో నిలబడే చోటుని పళ్లెంలా లోపలికి దించుతారు. పాదాలు కిందికి వస్తే గురుత్వ కేంద్రమూ కిందికి వస్తుంది.

తిరువాన్మియూర్ పద్మ
వేగం మాట వచ్చింది కాబట్టి: ఆగి ఉన్న బోర్డుకీ కదిలే బోర్డుకీ చాలా తేడా. కదులుతుంటే అడుగుభాగం కింద నీరు పైకి తోస్తుంది, ఫిన్‌లు (తోక అడుగున ఉండే రెక్కలు) కూడా ఒరగడాన్ని నెమ్మదిపరుస్తాయి. తన బరువుకన్నా తక్కువ లీటర్ల బోర్డు వాడే ముదురు సర్ఫర్లు చేసేది ఇదే. ఆగితే బోర్డు పిక్కల దాకా మునుగుతుంది. పూర్తిగా మునిగాక నీటి మట్టం దగ్గర బోర్డు అంటూ ఏమీ మిగలదు, మాస్టారు చెప్పిన ఎదిరింపూ పోతుంది. అందుకే వాళ్లు అల వచ్చేదాకా చిన్న చిన్న స్ట్రోకులు వేస్తూనే ఉంటారు. శ్రీను ఇప్పుడు అటు చూడక్కర్లేదు.

కోవళం రిపేర్ కుర్రోడు
శ్రీనన్నా, నేను బోర్డులు అతికించే పని చేస్తుంటా, మాది సూళ్లూరుపేట. మాస్టారి లెక్క నాకు సగమే ఎక్కింది గానీ చేత్తో చూసేది కొంత చెప్తా.

31 అని రాసుంటారు చూడు, అది బోర్డులో అన్నిటికన్నా వెడల్పైన చోట కొలిచింది. నువ్వు అల మీద ఉన్నప్పుడు నిలబడేది అక్కడ కాదు, వెనక్కి జరిగి తోక దగ్గర. కాబట్టి టేపు తీసుకుని తోక చివరనించి ఒక అడుగు లోపలికి కొలువు. ముక్కు చివరనించి కూడా ఒక అడుగు లోపలికి కొలువు. 31 అని రాసుండి తోక బాగా సన్నమైతే ఎదురుచూసేటప్పుడు బాగానే ఉంటాది, అల పట్టేటప్పుడు కాలు వెనక్కేశావో ఊగిపోద్ది. పక్కలు రెండూ సమానంగా తోక దాకా వచ్చేవి నీలాంటోళ్లకి మేలు.

తర్వాత రైలు, అంటే అంచు. అరచేత్తో పట్టుకుని చూడు. డబ్బాలాగా నిండుగా ఉంటే ఒరిగినప్పుడు అంచు కింద ఇంకా ఫోమ్ ఉంది కాబట్టి తిరిగి తోస్తాది. సన్నగా చెక్కేసి ఉంటే అంచు మునిగిపోద్ది, చెప్పాపెట్టకుండా. కానీ అన్నా, మరీ నిండు అంచైతే మలుపులో నీళ్లలోకి దిగదు, అల మీద బోర్డు జారతా ఉంటాది. కొంచెం మధ్యస్తంగా చూడు.

అడుగు తిప్పి చూడు. మధ్యలో గీతలాగా ఉబ్బి రెండు పక్కలకి వాలుగా ఉంటే అది అటో ఇటో ఒరుగుతానే ఉంటాది. లోపలికి కొద్దిగా గుంటపడి ఉంటే కుదురుగా ఉంటాది. నువ్వు చెప్పిన రెండోది ఎవరిదో నాకు తెలిసినట్టే ఉంది, దానికి అడుగున తోక దాకా వాలే.

వైజాగ్ చిన్నా
పై పోస్టు ఫ్రేము కట్టించుకోవాల.

రేవతి, పెరంబూరు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా బరువు 54 కిలోలు. మా గ్రూపులో అందరూ 120 లీటర్ల బోర్డే "సేఫ్" అంటున్నారు. అదే వాడుతున్నా. నిలబడ్డం బాగానే ఉంది కానీ బోర్డు తిరగడం లేదు, పైగా పక్క అల తగిలితే నన్ను విసిరేస్తోంది. వెడల్పు 32. వెడల్పు ఎక్కువుంటే మంచిదే కదా?

ఒడ్డున మాస్టారు
రేవతి గారూ, వెడల్పుకి ఒక చెడ్డ గుణం ఉంది. నీటికి అతుక్కుని ఉండాలని చూస్తుంది. నీరు చదునుగా ఉన్నంతసేపు అది మీ పక్షం. నీరు పక్కకి వాలితే బోర్డు కూడా ఆ వాలునే పట్టుకుంటుంది, మిమ్మల్ని పట్టించుకోదు. మీరు తేలికపాటి మనిషి, మీ కింద తొలగే నీరు తక్కువ, కాబట్టి ఆ పట్టు మీ విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. వెడల్పైన దోనెలు అలల్లో ఎక్కువ కుదిపేది కూడా ఇందువల్లే.

తిరువాన్మియూర్ పద్మ
రేవతీ, మీకు 120 చాలా ఎక్కువమ్మా. మీరూ బోర్డూ కలిపి ఓ 63 కిలోలు. దాదాపు సగం బోర్డు నీటి పైనే ఉండి బెండులా ఎగురుతుంటుంది. తోక నీళ్లలోకి దిగాలంటే మీ బరువు చాలదు, అందుకే తిరగడం లేదు. 80 నుంచి 90 లీటర్ల మధ్య, 29 అంగుళాల వెడల్పు ఉన్నది అడిగి తెచ్చుకుని ఒక పూట వాడి చూడండి. మొదటి పది నిమిషాలు వణుకుతుంది, తర్వాత మీకే తెలుస్తుంది. అబ్బాయిల గ్రూపుల్లో అబ్బాయిల బరువుకి చెప్పిన సలహాలు మనకి అతికించేస్తుంటారు, ఈ గోల ఎప్పుడూ ఉండేదే.

రేవతి, పెరంబూరు
థాంక్యూ అక్కా. ఆ చివరి వాక్యం మా గ్రూపులో పెడుతున్నా.

ఓఎమ్మార్ శ్రీను
ఇంకో అనుమానం. నా గాలి బోర్డు 6 అంగుళాల మందం, 300 లీటర్ల దాకా ఉంటుంది. దానిమీద కూడా అలల్లోకి వెళ్లొచ్చు కదా, హార్డ్ బోర్డు కొనడం దేనికి అని ఇంట్లో ప్రశ్న.

తిరువాన్మియూర్ పద్మ
ఇంట్లో ప్రశ్నకి ఇంట్లోనే జవాబు చెప్పుకోవాలి 😄 బోర్డు సంగతి చెప్తాను. 300 లీటర్లలో నీ కింద మునిగేది మూడో వంతు. మిగతా నాలుగంగుళాల మందం నీటిపైన ఉంటుంది, నువ్వు దాని మీద. చదును నీళ్లలో పొడవూ వెడల్పూ కాపాడతాయి. అల మీద మాత్రం గుండ్రటి లావు అంచు ఎక్కడా నీటిని పట్టదు, పక్కకి జారిపోతుంది. ముక్కు మీద గాలి తగిలితే తిప్పేస్తుంది. చిన్న నురుగు అలల్లో ఆడుకోవడానికి సరదాగానే ఉంటుంది, గాలి మాత్రం పూర్తిగా 15 పీఎస్ఐ కొట్టాలి. తక్కువ కొడితే మధ్యలో వంగి ఇంకా ఊగుతుంది.

రాకర్ గురించి ఎవరూ చెప్పలేదు. పక్కనుంచి చూస్తే ముక్కు ఎంత పైకి లేచి ఉందన్నది. బాగా లేచి ఉంటే నీటిని తాకే పొడవు తగ్గి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, నిటారు అలలో మాత్రం ముక్కు గుచ్చుకోదు. చదునుగా ఉంటే వేగం, కుదురు రెండూ ఉంటాయి, నిటారు అలలో గుచ్చుకుంటుంది. కోవళం పాయింట్ దగ్గర చిన్న రోజుల్లో అల మెత్తగా పొడుగ్గా సాగుతుంది, అక్కడ తక్కువ రాకర్ చాలు.

లీటర్ లింగం
సరే, నా మాట మార్చుకోను గానీ కొంచెం సవరిస్తా. లీటర్లు ముందు చూడాలి, తర్వాత వెడల్పు. లీటర్లే చాలకపోతే వెడల్పుండి ఏం లాభం?

తిరువాన్మియూర్ పద్మ
దాంతో నాకు పేచీ లేదు. ఆ మిగులు 30 కిలోలకి కూడా పని ఉంది. విరిగిన అల నురుగు పైనుంచి కొట్టినప్పుడు, రెండు కాళ్లూ తోక మీదికి వెళ్లినప్పుడు మునిగిన చోటు మళ్లీ లేచేది దానివల్లే. పైగా నురుగులో గాలి కలిసి ఉంటుంది, మామూలు నీరంతగా మోయదు. 82 కిలోల మనిషికి మొదటి అలల బోర్డుగా 120 కన్నా తగ్గమని నేను చెప్పను.

నిర్వాహకుడు
అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ చర్చ చదివి ఎవరూ కొత్త బోర్డుతో ఒంటరిగా దిగొద్దు. ఆ నెలల్లో సముద్రం గజిబిజిగా ఉంటుంది, లాగుడూ ఎక్కువ. లీష్ తప్పనిసరి. ఈత కొట్టేవాళ్ల మధ్యలోకి తొమ్మిదడుగుల బోర్డు వదిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఓఎమ్మార్ శ్రీను
అప్‌డేట్. టేపు పట్టుకెళ్లా. తోక నుంచి అడుగు లోపల మొదటిది 19 అంగుళాలు, రెండోది 15న్నర. అంచు మొదటిదానిది మధ్యస్తం. అడుగున కొద్దిగా గుంట ఉంది. మొదటిదే తీసుకుంటున్నా. ఒకటే చిక్కు, మధ్య ఫిన్ బాక్స్ (ఫిన్ బిగించే గాడి) పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. అమ్మే ఆయన రిపేరు ఖర్చు తగ్గించి ఇస్తానన్నారు. తీసుకోవచ్చా?

కోవళం రిపేర్ కుర్రోడు
ఫిన్‌ని పట్టుకుని అటూ ఇటూ కదిలించి చూడన్నా. పగులు నోరు తెరిస్తే లోపలికి నీళ్లు పోయినట్టే. బోర్డుని కాటా మీద పెట్టు, అదే మోడల్ బరువు ఎంతో తెలుసుకో, కిలోకి పైన తేడా ఉంటే లోపల నీళ్లున్నాయి. పైన నిలబడే చోట బొటనవేలితో నొక్కుకుంటా పో, మెత్తగా దిగిన చోట పొర ఊడింది. అది ఫిన్ బాక్స్ కన్నా పెద్ద ఖర్చు.

ఫిన్ మాత్రమే అయితే భయపడకు, అవుద్ది. నీడలో పగులు కిందికి ఉండేట్టు నిలబెట్టి నీళ్లు కారనియ్యి, బాగా ఆరనియ్యి. మెడ్రాసు ఎండలో కారు మీద కట్టేసి వదలొద్దు, లోపల గాలి ఉబ్బి పొర లేస్తాది. ఎవరికిచ్చినా ఎపాక్సీ రెజిన్ వాడతారా అని ముందే అడుగు. పడవలకి వాడే పాలిస్టర్ రెజిన్ చవకని అది పూస్తారు కొందరు, అది తగిలితే లోపలి తెల్ల ఫోమ్ కరిగిపోద్ది.